మోటారు వాహనపు పొగగొట్టము – ధ్వని పరీక్ష

తరగతిలో సంధులు, సమాసములు చెప్పుకొను తెలుగు ఉపన్యాసకుడు మోటారు కారు సైలెన్సరును గూర్చి వ్రాయుట ఏమని ఈ సంచిక చదువరులకు సందేహము కలుగవచ్చును. ఇందుకు ఒక కారణము మన విద్యార్థులే. ద్విచక్ర వాహనములకు, ఇంటివారి కార్లకు కంపెనీ అమర్చిన సైలెన్సరును పీకివేసి, బజారులో దొరకు పెద్ద చప్పుడు గొట్టమును బిగించుకొనుట ఈనాడు ఒక వేడుకగా మారినది. రెండవ కారణము నా స్వానుభవము. దాని విలువ నాకు ఆలస్యముగా తెలిసినది.

మూడేండ్ల క్రిందట నేనొక పాత పెట్రోలు కారు కొన్నాను. నాలుగు సిలిండర్ల బండి. మొదటి యజమాని యువకుడు కాబోలు, వెనుకనున్న అసలు డబ్బాను తీసివేసి, వెడల్పు మూతి గల తళతళలాడు స్టెయిన్‌లెస్ ఉక్కు డబ్బాను పెట్టించినాడు. నడుమ ఉండవలసిన చిన్న డబ్బా స్థానములో ఉత్త గొట్టము మాత్రమే ఉన్నది. కొన్ననాడు ఆ మ్రోత నాకును కొంత ముచ్చటగానే తోచినదని ఒప్పుకొనవలెను. కొన్ని నెలలకు మూడు చప్పుళ్లు బయలుదేరినవి. తెల్లవారి బండి తీయగానే ముందు భాగమున ఒక చిన్న చప్పుడు. గంటకు అరువది, డెబ్బది కిలోమీటర్ల వేగమున చెవులు దిమ్మెక్కించు ఘోష. స్పీడు బ్రేకరు దాటినప్పుడెల్ల వెనుక ఒక దెబ్బ. సత్తుపల్లి గనుల బొగ్గు లారీలు ఏండ్ల తరబడి నడచిన దారులు మనవి. గతుకులకు కొదువ లేదు గనుక ఆ మూడవ చప్పుడును లెక్కచేయలేదు.

ఒక పట్టణములోని వర్క్‌షాపువారు చూచి, అన్నిటికిని వెనుక డబ్బాయే మూలమని చెప్పి, దానిని విప్పి లోపలి దూది మార్చి మూడు వేలు పుచ్చుకొన్నారు. ఘోష కొంత తగ్గినది. తక్కిన రెండును యథాప్రకారముగానే ఉన్నవి. అటుపిమ్మట మా అమ్మను కంటి వైద్యమునకై కొత్తగూడెము తీసికొనిపోవు ప్రతిసారియు ఆమెకు తలనొప్పి, వికారము. వెనుక సీటులోని పిల్లవాడు ఎన్నడును లేనంత గాఢముగా నిద్రించెడివాడు. ఎండ దెబ్బయని మజ్జిగ త్రాగించి ఊరకున్నాము.

కడకు చండ్రుగొండలోనే, రోడ్డు ప్రక్క రేకుల షెడ్డులో పని చేయు వృద్ధ మిస్త్రీ వద్దకు పోయినాను. ఆయనను అందరును చాచా అందురు. బండి ఏదో శబ్దము చేయుచున్నదని చెప్పగా ఆయన నవ్వినాడు.

"సార్, మీరు తెలుగు సార్ గదా! ఏదో సౌండంటే నేనేం చెయ్యాలి? టిక్కుటిక్కుమంటదా, గలగలమంటదా, బుస్సుమంటదా? నోటితోటి అని చూపియ్యండి."

నాకు సిగ్గు కలిగినది. వ్యాకరణములో ధ్వన్యనుకరణములని చెప్పి, గలగల, గణగణ, బుడబుడ అని నల్లబల్లపై వ్రాయించువాడను నేను. ప్రపంచ భాషలలో ధ్వన్యనుకరణ పదసంపద మెండుగా గల భాషలలో మనదొకటి. ఆ సంపద పద్యమునకే గాక పానాలు పట్టుకొనువానికిని పనికివచ్చునని ఆనాడు తెలిసినది. గలగల యన్నచో విడివడిన తునకలు ఒకదానికొకటి తగులుచున్నవని అర్థము. టిక్కుటిక్కు అన్నచో ఏదియో ఒకటి ఇంజను తిరుగుడుతో లయగా కొట్టుచున్నది. బుస్సు అన్నచో సన్నని సందున వాయువు దూరుచున్నది. పేరు సరిగా పెట్టినచో సగము రోగ నిర్ణయమైనట్లే.

ముందు ఈ యంత్రభాగము ఏమి చేయునో కొంచెము చూతము. పెట్రోలు ఇంజనులో ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒకసారి ప్రేలును. నాలుగు సిలిండర్లయినచో చుట్టుకు రెండు ప్రేలుళ్లు. ఇంజను నిమిషమునకు 2,100 చుట్లు తిరుగునప్పుడు సెకనుకు 35 చుట్లు, అనగా 70 ప్రేలుళ్లు. సెకనుకు డెబ్బది సారులు అధిక పీడనముతో వాయువు గొట్టములోనికి దూకును. అదియే ఆ మ్రోతకు మూలస్వరము. దీనిని అణచుటకై అమెరికాలోని ఇండియానా రాష్ట్రమునకు చెందిన రీవ్స్ సోదరులు 1897లో పేటెంటు పొందినారు. డబ్బా లోపల అరలు, అడ్డుపలకలు పెట్టి, తరంగములను ఒకదానికొకటి ఎదురొడ్డి అణచునట్లు చేయుట ఒక విధము. చిల్లుల గొట్టము చుట్టును గాజు దూది కూరి శబ్దమును పీల్చుట మరియొక విధము. బజారులో దొరకు "స్పోర్ట్స్" డబ్బాలలో అనేకము ఈ రెండవ జాతివి. గాజు దూది కీచుమను హెచ్చు స్వరములను బాగుగా మ్రింగును. డెబ్బది హెర్ట్జుల మంద్రస్వరము దానికి లొంగదు. పైగా ఆ దూది వేడికి మాడి, వాయువు ఒత్తిడికి కొద్దికొద్దిగా ఎగిరిపోవును. కావున క్రొత్తలో మర్యాదగానున్న డబ్బా ఏడాదికి అరువ మొదలిడును. అది జబ్బు కాదు, దాని స్వభావము.

చాచా మొదట వెనుక డబ్బా వైపు చూడనైనను లేదు. ఇంజను చల్లారువరకు బండిని అక్కడనే వదలిపొమ్మన్నాడు. మరునాటి ఉదయము బానెట్టు ఎత్తి, సెల్ఫు కొట్టించి, పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజను ప్రక్కన అక్కడక్కడ ఆనించి, పిడిని చెవికి చేర్చుకొని విన్నాడు. 1816లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు లెన్నెక్ కాగితమును గొట్టముగా చుట్టి రోగి రొమ్మును విని స్టెతస్కోపునకు నాంది పలికినాడు. మా చాచా ఆయన పేరు వినియుండడు గాని పద్ధతి అదియే. పిమ్మట ఒక రబ్బరు గొట్టము కొస చెవి వద్ద పెట్టుకొని, రెండవ కొసను మ్యానిఫోల్డు అతుకుల వెంట త్రిప్పినాడు. ఒక చోట ఆగి నన్నును వినుమన్నాడు. టిక్కు టిక్కు టిక్కు. అయిదారు నిమిషములకు ఇంజను వేడెక్కగానే చప్పుడు మాయమైనది.

ఇచ్చట విద్యార్థులు జాగ్రత్తగా గమనింపవలెను. చల్లని ఇంజనులో వినబడి, వేడెక్కిన పిదప అణగిపోవు టిక్కు టిక్కు పొగగొట్టపు మొదటి అతుకు వద్ద సందు పడినదనుటకు బలమైన గుర్తు. లోహము వేడికి వ్యాకోచించి ఆ సందును తాత్కాలికముగా మూయును. వేడెక్కినను తగ్గకున్నచో, లేక హెచ్చినచో, అది వాల్వుల చప్పుడో, మరియొకటియో కావచ్చును. సందు ఉన్నచోట మసి చార కనబడును. ఆ చారను చూచిన తరువాతనే డబ్బు ఖర్చు పెట్టవలెను. మా బండికి మ్యానిఫోల్డు బిగించు స్టడ్డు ఒకటి విరిగి, ప్యాకింగు ఒక మూల మాడి, నల్లని విసనకఱ్ఱ వలె మసి పరచుకొనియున్నది.

స్టడ్డు ఏల విరిగినది? దీనికి జవాబు వెనుక నున్నది. బజారు డబ్బా అసలు డబ్బా కంటె బరువు. దానిని మోయు హ్యాంగర్ రబ్బర్లలో ఒకటి తెగినది. స్పీడు బ్రేకరుపై వినబడు ధబ్బు ఆ డబ్బా నేలరేకును కొట్టు చప్పుడే. ఆ ఊపు గొట్టము వెంట ప్రయాణించి ముందున్న స్టడ్డుపై పడినది. వ్యాకోచము సంగతియు మరువరాదు. రెండు మీటర్ల మామూలు ఉక్కు గొట్టమునకు వేడి 300 సెంటీగ్రేడు డిగ్రీలు హెచ్చినచో అది సుమారు 7 మిల్లీమీటర్లు సాగును. 304 రకపు స్టెయిన్‌లెస్ ఉక్కయినచో 10 మిల్లీమీటర్లు సాగును. సాగుటకు, ముడుచుకొనుటకు తావు లేకుండ గట్టిగా వెల్డింగు చేసి బిగించినచో ఆ ఒత్తిడి ఎచ్చటనో ఒకచోట బయటపడక తప్పదు. ఈ విధముగా నేను మూడు జబ్బులనుకొన్నవానిలో రెండు ఒక్క జబ్బే. పట్టణపు వర్క్‌షాపువారు కొసను చూచినారు, మొదలు చూడలేదు.

అమ్మ తలనొప్పి సంగతి చాచాయే ఎత్తినాడు. "ఏసీ గాలి బయటి నుంచి తీసుకునే పెడతరా, లోపలి గాలేనా?" అని అడిగినాడు. బయటి గాలియేనని చెప్పితిని. బండిలోనికి గాలి పీల్చు తావు ముందు అద్దము క్రింద, బానెట్టు వెనుక అంచున ఉండును. మ్యానిఫోల్డు వద్ద కారిన పొగ బానెట్టు క్రింద నిండి ఆ దారినే లోపలికి వచ్చును. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటె రెండు వందల రెట్లకు పైగా ఆసక్తితో దానిని పట్టుకొనును. తలనొప్పి, వికారము, మగత దాని తొలి గుర్తులు. మగత వచ్చిన పిల్లవాడు నిద్రపోవుచున్నాడని తల్లిదండ్రులు సంతోషింతురు. ఈ వాక్యము వ్రాయునప్పుడు నా చేయి ఇప్పటికిని వణకుచున్నది. స్టడ్డు, ప్యాకింగు మార్చిన తరువాత అమ్మ ఎన్నోసారులు అదే దారిన, అదే ఎండలో ప్రయాణము చేసినది. తలనొప్పి మరల రాలేదు.

కావున చప్పుడుతోపాటు బండిలోనివారికి తలనొప్పి గాని మగత గాని తోచినచో అది చెవికి సంబంధించిన విషయము కాదు. వెంటనే అద్దములు దింపి, బండి ఆపి, బయటికి రావలెను. ఒంట్లో బాగులేనివారిని ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను. మరమ్మతు కానిదే ఆ బండి ఎక్కరాదు. మూసిన షెడ్డులో ఇంజను నడిపి పరీక్షించుట, ఇంజను ఆడుచుండగా ఏసీ వేసికొని నిద్రించుట ప్రాణముతో చెలగాటమే.

ఇక ఘోష విషయము. ఇంటర్మీడియట్ చదివిన విద్యార్థులకు భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని అనునాద స్తంభము గుర్తుండును. శ్రుతిదండమును మీటి గొట్టముపై పట్టి, నీటి మట్టమును దించుచుండగా ఒకానొక పొడవున శబ్దము ఒక్కసారిగా హెచ్చును. కారులోను జరుగునది అదియే. గొట్టములోని వాయుస్తంభము, కారు లోపలి గది, ఇంజను ప్రేలుళ్ల పౌనఃపున్యము ఒకచోట కలిసినచో ఆ వేగమున గుంయ్యిమను ఘోష పుట్టును. వేగము కొంచెము మారగానే పోవును. నడుమ చిన్న డబ్బా ఉండుట ఆ కలయికను చెడగొట్టుటకే. దానిని తీసివేసినవాడు అది దండుగ భారమనుకొనియుండును.

అయితే ప్రతి ఘోషయు పొగగొట్టముది కాదు. చక్రపు బేరింగు, అరిగిన టైరు కూడ అటులే మ్రోగును. వేరుచేయు ఉపాయము సులభము. తిన్నని, నిర్జనమైన రోడ్డుపై ఘోష వచ్చు వేగమున పోవుచు గేరు ఒకటి తగ్గింపవలెను. బండి వేగము అదే అయినను ఇంజను తిరుగుడు హెచ్చును. ఘోష అటులే ఉన్నచో చక్రములది. మాయమై, మరల తక్కువ వేగమున అదే ఇంజను తిరుగుడు వద్ద ప్రత్యక్షమైనచో పొగగొట్టముది. వర్క్‌షాపునకు పోవుటకు ముందు ఈ ఒక్క పరీక్ష చేసికొన్నచో ఎన్నో బేరింగులు అనవసరముగా మారకుండును.

దీనికి చికిత్స ఒకటి గొట్టమునకు ప్రక్కగా, కొస మూసిన మరియొక గొట్టమును అతుకుట. తరంగము అందులో పోయి, కొసను తాకి తిరిగివచ్చునప్పటికి సగము తరంగదైర్ఘ్యము నడచి, ఎదురు దశలో వచ్చి మొదటిదానిని కొట్టివేయును. పొడవు తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతు ఉండవలెను. 200 డిగ్రీల వాయువులో ధ్వని వేగము సెకనుకు సుమారు 436 మీటర్లు. 70 హెర్ట్జుల ఘోషకు 436ను 280చే భాగింపగా సుమారు 1.56 మీటర్లు వచ్చును. కొస మూసిన గొట్టములో వాయువు ప్రవహింపదు గనుక కొంత చల్లగా ఉండును, పొడవు కొంత తగ్గించి సరిచూచుకొనవలెను. లెక్క చక్కగానున్నది గాని మా బండి క్రింద ఒకటిన్నర మీటరు గొట్టమునకు చోటెక్కడిది? చాచా తుక్కు సామానులో అదే జాతి బండి తాలూకు అసలు నడిమి డబ్బా వెదకి తెచ్చి అతికినాడు. ఘోష తొమ్మిది వంతులు పోయినది.

తక్కిన చప్పుళ్లు త్వరగా చెప్పెదను. ఇంజను నిలకడగా ఆడునప్పుడు సన్నని రేకు గణగణలాడినచో వేడి తగులకుండ కట్టిన రేకు వదులైనదని గ్రహింపవలెను. బండి చల్లారిన తరువాత పిడికిలితో తట్టినచో తెలియును, ఒక క్లాంపుతో తీరును. గలగల లోపలినుండి, నడుమ నుండి వచ్చినచో క్యాటలిటిక్ కన్వర్టరులోని తేనెపట్టు వంటి పింగాణి చెదరినదేమో చూడవలెను. బండి లాగుట తగ్గినచో ఆ తునకలు దారికి అడ్డుపడుచున్నవన్నమాట, ఇది ఖరీదైన జబ్బు. మన దేశమున నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు 1995 ఏప్రిల్ నుండి ఈ పరికరము తప్పనిసరి చేసినారు. కొందరు మిస్త్రీలు దానిని ఖాళీ చేసి ఉత్త డబ్బా బిగించి "పికప్పు పెరిగింది" అందురు. అది విషవాయువును నేరుగా ఊరిపైకి వదలుట. యాక్సిలరేటరు వదలగానే పటపట ప్రేలినచో కాలని పెట్రోలు గొట్టములో కాలుచున్నది. మొదటి అతుకు సందున గాలి చొరబడినను ఇటులే జరుగును. ఆ గాలిని చూచి ఆక్సిజన్ సెన్సరు పెట్రోలు చాలలేదని పొరబడి మరింత పెట్రోలు పోయించును, మైలేజి పడిపోవును. హుక్కా వలె గుడగుడలాడినచో డబ్బాలో నీరు నిలిచినది. లీటరు పెట్రోలు కాలినచో ఇంచుమించు లీటరు నీరే ఆవిరియై పుట్టును. రోజూ బజారు వరకే నడచు బండిలో గొట్టము పూర్తిగా వేడెక్కదు, ఆ నీరు ఎండదు, డబ్బా లోపలినుండి త్రుప్పు పట్టును. ప్రయాణము ముగించి ఆపిన తరువాత టింగు టింగుమనునది ఉక్కు ముడుచుకొను చప్పుడు. దానికి మందు అక్కరలేదు.

బండి క్రింద దూరువారికి ఒక మాట. జాకీ ఒక్కదానిని నమ్మి దూరరాదు. స్టాండ్లు పెట్టవలెను, చక్రములకు రాళ్లు అడ్డు వేయవలెను. మరియొకటి మన ప్రాంతమునకు ముఖ్యము. కన్వర్టరు పైరేకు ఎండుటాకులను అంటించగల వేడితో ఉండును. మన చుట్టును టేకు, తునికి చెట్ల అడవి; వేసవిలో నేలంతయు ఆకులే. నీడ కొఱకు బండిని ఆకుల కుప్పపై నిలుపుట ఎంతటి పొరబాటో చెప్పనక్కరలేదు.

చట్టము సంగతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 120వ నియమము ప్రకారము ప్రతి మోటారు బండికి ధ్వనిని సాధ్యమైనంత తగ్గించు సైలెన్సరు ఉండవలెను. 2005 ఏప్రిల్ నుండి తొమ్మిది సీట్ల లోపు కార్లకు తయారీ దశలో ధ్వని పరిమితి 74 డెసిబెళ్లు. పది డెసిబెళ్లు హెచ్చినచో శబ్దశక్తి పది రెట్లు హెచ్చును. ఇరువది హెచ్చినచో నూరు రెట్లు. "కొంచెమే ఎక్కువ సార్" అను విద్యార్థి ఈ లెక్క చేసి చూడవలెను. 2019 సవరణ తరువాత ధ్వని ప్రమాణములను మీరినందుకు 190వ సెక్షను క్రింద మొదటి తప్పునకే మూడు నెలల వరకు జైలు గాని, పదివేల రూపాయల వరకు జరిమానా గాని, లేక రెండును గాని విధింపవచ్చును. మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడ కలదు. నివాస ప్రాంతములలో రాత్రి పది గంటల నుండి ఉదయము ఆరు వరకు 45 డెసిబెళ్లు మించరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమములు చెప్పుచున్నవి. పరీక్షల నెలలో వసతిగృహము ముందు నుండి అర్ధరాత్రి పోవు మోటారు సైకిళ్లను కళాశాల పాలకవర్గమువారు ఈ అంకెతో పోల్చి చూడగలరు. వాహనములు నిలుపు స్థలములోనికి మార్చిన సైలెన్సరు బండ్లను రానీయరాదని నా విన్నపము. ఉపన్యాసకుల బండ్లకును ఇది వర్తింపవలెను.

చాచా కూలి, స్టడ్డు, ప్యాకింగు, రెండు హ్యాంగర్ రబ్బర్లు, తుక్కులో దొరికిన డబ్బా అన్నియు కలిపి పట్టణములో నేను చెల్లించినదానిలో సగమును కాలేదు. ఎవరైనను ఆయన వద్దకు పోదలచినచో ముందురోజు సాయంత్రమే బండిని షెడ్డు వద్ద వదలి రావలెను. వేడి ఇంజనును ఆయన వినడు.